ఒకే శైలికి చెందిన రెండు ఇంపీరియల్ స్టౌట్‌లను ఎలా పోల్చాలి?

ఇంట్లో చేసిన, నల్లని ఘాటైన బీర్లయిన రెండు ఇంపీరియల్ స్టౌట్‌లలో ఒకటి తియ్యగా, మరొకటి మాడు చేదుగా వచ్చాయని, ఆ తేడా కాల్చిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) వల్లనేనా అని మీరు అడిగారు. కొన్ని నెలల పాటు నేనూ ఇదే సందేహంతో సతమతమయ్యాను. నా విషయంలో ఆ తియ్యదనానికి మాల్ట్ కారణం కాదు. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ పని పూర్తికాకపోవడమే కారణం.

నేను రెండు విడతల్లోనూ దాదాపు ఒకే పాళ్లలో ధాన్యం వాడాను. మొదటిదానిలో కాల్చిన బార్లీ వేసి, రెండోదానిలో దాని బదులు చాక్లెట్ మాల్ట్ (చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించిన మాల్ట్) వేశాను. రెండోది తియ్యగా, చిక్కగా ఉండడంతో అదంతా చాక్లెట్ మాల్ట్ మహిమేనని పొంగిపోయాను. తర్వాత తీరికగా, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ అంకెలు తిరగేస్తే, మొదటిది 1.095 దగ్గర మొదలై 1.024 వరకు దిగిందని, రెండోది 1.092 నుంచి 1.034 దగ్గరే ఆగిపోయిందని తేలింది. తొలి, తుది సాంద్రతల తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా తెలుస్తుంది. ఆ లెక్కన మొదటిదానిలో 9.3 శాతం, రెండోదానిలో 7.6 శాతం ఉన్నాయి. ఈ శైలికి తుది సాంద్రత 1.018 నుంచి 1.030 వరకు, ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం వరకు ఉండాలంటారు కనుక, నా రెండో బీరు ఆ శైలి గడప కూడా తొక్కలేదన్నమాట. మాష్ (వేడినీళ్లలో నానే ధాన్యం) వేడి 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం వల్ల ఈస్ట్ తినలేని పిండిపదార్థాలైన డెక్స్‌ట్రిన్లు పెరిగి చిక్కదనం వచ్చింది. అంత గాఢమైన తీపి ధాన్యరసానికి, అంటే వర్ట్‌కు ఒక్క పొట్లం ఈస్ట్ మాత్రమే వేయడం వల్ల పులియాల్సిన చక్కెర కూడా కొంత మిగిలిపోయి తీపి నిలిచింది. (అలా మధ్యలో ఆగిన బీరును సీసాల్లో నింపితే, ఈస్ట్ మళ్లీ మేల్కొన్నప్పుడు సీసాలు పగిలే ప్రమాదముంది. నావి పగలకపోవడం అదృష్టమే.)

కాబట్టి రుచి చూసే ముందు అంకెలు చూడండి. అవి దగ్గరగా ఉంటేనే మిగతా పోలికకు అర్థముంటుంది. వయసు కూడా ముఖ్యమే: ఎనిమిది నెలలు నిలవ ఉన్నదానిలో మాడు చేదు మెత్తబడి, ఎండుద్రాక్ష వాసన తలెత్తుతుంది కనుక, దానిని మూడు నెలలదాని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే వాసనలు ముడుచుకుపోతాయి. రెండింటినీ 12 నుంచి 14 డిగ్రీల వరకు రానివ్వండి. గ్యాస్ ఎక్కువగా ఉన్నదానిలో నాలుకను పొడిచే గుణం వల్ల చేదు కూడా ఎక్కువగానే తోస్తుంది. తియ్యనిదాన్ని ముందు తాగితే తర్వాతిది ఉన్నదానికంటే చేదుగా అనిపిస్తుంది కాబట్టి, వరుస మార్చి మరోసారి చూడాలి. గ్లాసుకు 40 మిల్లీలీటర్లు చాలు. ఇంత ఘాటైన బీరులో నాలుగో గ్లాసు తర్వాత ఇచ్చే తీర్పును నేనైతే లెక్కలోకి తీసుకోను.

మీరు నిజంగా మాల్ట్ ప్రభావమే తెలుసుకోవాలనుకుంటే, కాల్చిన ధాన్యం లేకుండా ఒకే వర్ట్ తీసి రెండు పాత్రల్లో సగం సగం పోయండి. కాల్చిన బార్లీని, చాక్లెట్ మాల్ట్‌ను విడివిడిగా చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టి, మరిగించడం ముగిసే ముందు ఆ నీళ్లను చెరొక పాత్రలో కలపండి. ఈస్ట్ రకం, మోతాదు, పులిసే చోటు రెండింటికీ ఒకటే ఉండాలి. నేను అలా చేసి, ఆరుగురు మిత్రులకు తలా మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరే బీరు పోసి, వేరేది ఏదో చెప్పమన్నాను. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెప్పే అవకాశముంది కనుక, ఆరుగురిలో కనీసం ఐదుగురు గుర్తిస్తేనే తేడా ఉందని నమ్మాలి. గుర్తించినవారు ముగ్గురే. బార్లీ వేసినదానిలో కాఫీ వగరు కొంచెం ఎక్కువని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది గానీ, ఏ సీసాలో ఏముందో తెలిసి తాగిన వాణ్ని నేనొక్కణ్నే.