అప్రూవ్ నొక్కే ముందు బొమ్మ చూడు

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

బరంపురంలో పట్టుచీరల కొట్టు వెబ్‌సైట్‌ని కనిపెట్టుకుని ఉండే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. రాత్రి నీ మెసేజ్ కూడా చూశాను. "మావయ్యా, బేస్‌లైన్ తీసేశాను, ఇంక అలర్టులు రావడమే" అన్నావు. ఆ "తీసేశాను" దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది.

బేస్‌లైన్ అంటే తూకం రాయి లాంటి మొదటి స్క్రీన్‌షాట్. రేపటి నుంచి వచ్చే ప్రతి స్క్రీన్‌షాట్‌నీ దానితోనే తూస్తావు. పేజీల బొమ్మలు తీసి పోల్చే నీ టూల్ ప్లేరైట్ మొదటిసారి నడిచినప్పుడు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, ఆ నిమిషంలో కనబడిందే బొమ్మ తీసి దాచుకుంటుంది. ఆ పేజీ సరిగ్గా ఉందా లేదా అన్నది దానికి తెలియదు. చెప్పాల్సింది నువ్వే.

నేను చెప్పకపోవడం వల్ల ఏమైందో విను. ఇక్కడ ఒక రక్తపరీక్షల సెంటర్ సైట్ చూసేవాణ్ణి. మన ఊరి సంగతి తెలుసుగా, 1936లో ఒడిశాలో కలిసినా ఇళ్లలో తెలుగు పోలేదు, కాబట్టి సైట్ రెండు భాషల్లోనూ ఉండేది. సర్వర్‌లో తెలుగు ఫాంట్ వేశాను, ఒడియా ఫాంట్ వేయడం మరిచాను. స్క్రీన్‌షాట్‌లో ఒడియా అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలు. ఆ బొమ్మ తెరిచి చూడకుండానే అప్రూవ్ కొట్టేశాను. కొన్నాళ్లకి సెంటర్ తెరిచే టైము ఒడియా పేజీలో 8కి బదులు 6 అని పడింది. ఒడియా అంకె కూడా డబ్బానే కదా, 8 ఉన్నా 6 ఉన్నా బొమ్మలో అదే డబ్బా. అలర్ట్ రాలేదు. కొండ ఊళ్ల నుంచి పరగడుపున వచ్చిన ముసలివాళ్లు తెల్లారకముందే మూసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చున్నారు. ఆ మెట్లు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

కాబట్టి ముందు సర్వర్‌లో నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ఫాంట్లు రెండూ వేయి. తర్వాత బేస్‌లైన్ మళ్లీ తీయి, అదీ నీ ల్యాప్‌టాప్‌లో కాదు. రోజూ చెకింగ్ ఏ మెషీన్‌లో నడుస్తుందో అందులోనే తీయాలి. ఒకే అక్షరాన్ని మ్యాక్ ఒకలా, లినక్స్ ఇంకోలా గీస్తాయి. ప్లేరైట్ బొమ్మ పేరు చివర సిస్టమ్ పేరు తగిలించేది అందుకే.

ఇప్పుడు అందరూ తికమకపడే చోటు. త్రెషోల్డ్ అంటే ఒక్కో పిక్సెల్ రంగు ఎంత మారితే "మారింది" అనాలి అన్నది. ప్లేరైట్‌లో మామూలుగా 0.2 ఉంటుంది, దాన్ని అలాగే వదిలెయ్యి. మొత్తం మీద ఎన్ని పిక్సెల్స్ మారినా ఊరుకోవచ్చు అన్నది వేరే లెక్క. నువ్వు అక్కడ ఒక శాతం పెట్టావు. చిన్నదే అనిపిస్తుంది, లెక్క వేసి చూడు. 1366 వెడల్పు, 6000 పొడవు ఉన్న పేజీలో దాదాపు 82 లక్షల పిక్సెల్స్. అందులో ఒక శాతం 82 వేలు. "కొనండి" బటన్ 200 బై 50 అయితే మొత్తం 10 వేలే. అంటే ఆ బటన్ పూర్తిగా మాయమైనా నీ టూల్ నోరు మెదపదు! పేజీ మొత్తానికి ఒక బేస్‌లైన్ ఉంచుకో, కానీ బటన్‌కీ, ధరల వరసకీ, ఫోన్ నంబర్ ఉన్న చోటుకీ విడిగా తీసి, అక్కడ మాత్రం గట్టి లెక్క పెట్టు.

తిరిగే బ్యానర్, తేదీ లాంటివాటికి మాస్క్ వేయి, అంటే పోల్చకుండా కప్పెయ్యి. అలర్టుల గోల తప్పించుకోవడానికి ధరల మీద మాత్రం వేయకు. మాస్క్ కింద ఏం జరిగినా నీకు కనబడదు, ధర తప్పు పడితే కొట్టువాళ్లకి నష్టం.

పేజీ అడుగు దాకా ఒకసారి స్క్రోల్ చేయించాకే బొమ్మ తీయి, లేకపోతే కింది చీరల ఫొటోలు లోడవక తెల్లగా పడతాయి. కుకీ అడిగే డబ్బా కూడా ముందే మూయించు. ఠాకురాణి యాత్ర ఆఫర్ల లాంటి పండగ బ్యానర్ ఉన్న రోజున బేస్‌లైన్ తీయకు.

కొత్త డిజైన్ వచ్చినప్పుడు తేడాలు యాభై కనబడతాయి, అన్నిటినీ ఒక్క కమాండ్‌తో అప్‌డేట్ చేసేయాలని చెయ్యి లాగుతుంది. అప్పుడు మాత్రం తొందరపడకు తల్లీ. ఒక్కో బొమ్మా తెరిచి చూడు. ఆ యాభైలో నలభైతొమ్మిది కావాలని చేసినవే అయినా, ఒకటి నిజంగా తప్పు కావచ్చు. దాన్నీ కలిపి అప్రూవ్ చేస్తే ఆ తప్పే నీ తూకం రాయి అవుతుంది.

ఫాంట్లు వేసి కొత్తగా తీసిన బొమ్మలు, ఫోన్ సైజువీ కంప్యూటర్ సైజువీ, బుధవారంలోగా నాకు పంపు. ఒడియా పేజీవి ముందు పంపు, అత్తయ్య చదివి చెబుతుంది. అప్పటిదాకా అప్రూవ్ నొక్కకు.

ఆశీస్సులతో,
మావయ్య