రెజ్యూమేలో ‘ప్లయబుల్’ అని రాయొచ్చా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్, ఈసీఈ. ‘ఫ్లెక్సిబుల్’ అని అందరూ రాస్తారని ఫ్రెండ్ అంటే, రెజ్యూమేలో దాన్ని తీసేసి ‘ప్లయబుల్’ అని పెట్టాను. రెండూ ఒకటే కదా సార్?

జవాబు: ముందు దాన్ని తీసెయ్యమ్మా. డిక్షనరీలో రెండింటికీ ‘వంగేది’ అనే ఉంటుంది, నిజమే, కానీ ప్లయబుల్ అనేది తోలుకీ తీగకీ బాగుంటుంది, మనిషికి పెడితే ఎవరేం చెప్పినా గంగిరెద్దులా తలూపే రకం అని అర్థం వస్తుంది. ‘మాలియబుల్’ కూడా అంతే. స్కూల్లో లోహాల పాఠం గుర్తుందా? కొడితే రేకులా సాగే గుణం, స్తరణీయత, దాని ఇంగ్లిష్ మాటే ఇది, లాటిన్‌లో సుత్తి అనే మాట నుంచి పుట్టింది. నన్ను సుత్తితో కొట్టండి అని హెచ్ఆర్‌కి నువ్వే రాసిస్తావా!

ఫ్లెక్సిబుల్‌తో ఆ తంటా లేదు. అదీ వంచడం అనే లాటిన్ మాట నుంచే వచ్చింది (రోడ్ల మీద కట్టే ఫ్లెక్సీ దీని చుట్టమే), కానీ మనిషికి వాడితే అవసరాన్ని బట్టి సర్దుకుంటాడు అనే మంచి అర్థమే. చిక్కల్లా ఒంటరిగా రాస్తే అది ఏమీ చెప్పదు. ఇంటర్వ్యూలో ‘ఆర్ యూ ఫ్లెక్సిబుల్?’ అన్నారంటే చాలాసార్లు నీ స్వభావం గురించి కాదు, నైట్ షిఫ్ట్ చేస్తావా, పుణేకో చెన్నైకో పంపిస్తే వెళ్తావా అని. మన పిల్లలు దేనికో అడక్కుండానే ‘యెస్ సార్’ అనేస్తారు, ఆఫర్ లెటర్ వచ్చాక ఇంట్లో పంచాయితీ. అమ్మానాన్నలతో ఇప్పుడే మాట్లాడుకో.

‘ఫ్లెక్సిబుల్ టు వర్క్ ఇన్ ఎనీ షిఫ్ట్’ అని మనవాళ్లు తెగ రాస్తారు, అది అతుకుల వాక్యం. ‘విల్లింగ్ టు వర్క్ ఇన్ షిఫ్ట్స్’ అను, ఊరి సంగతైతే ‘ఫ్లెక్సిబుల్ అబౌట్ లొకేషన్’. కొత్తది త్వరగా పట్టుకుంటానని చెప్పాలంటే ‘అడాప్టబుల్’, నాలుగు రకాల పనులు వచ్చంటే ‘వర్సటైల్’. నిజానికి మీ ప్రాజెక్ట్‌లో ఆర్డుయినో అనే కంట్రోలర్ బోర్డు సరిపోక మధ్యలో ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డుకి మారి మూడు వారాల్లో ముగించామని రాశావు చూడు, అడాప్టబుల్ అనే మాట లేకుండానే అది ఆ పని చేసేసింది, దాన్ని ఎక్కడో కింద దాచకుండా పైకి తీసుకురా.

ఇంకోటి, ఫ్లెక్సిబుల్ స్పెల్లింగ్ చివర ఐబీఎల్‌ఈ, ఏబీఎల్‌ఈ కాదు. నీ కవర్ లెటర్‌లో మిగిలిపోయిన ఆ ఒక్క చోటా తప్పే పడింది.