క్లిప్పులు తీశాక తెల్లమచ్చలు: పళ్ళు అరగదీయాల్సిందేనా?

మీ ప్రశ్న ఇదీ: పదిహేనేళ్ళ పాపకు క్లిప్పులు తీయించాక ముందుపళ్ళ మీద, క్లిప్పు అతికిన చోటు చుట్టూ సున్నం పూసినట్టు మచ్చలు తేలాయి. ఒక డాక్టరుగారు పళ్ళు అరగదీసి వెనీర్లు (పన్ను ముందువైపు అతికించే పల్చటి రేకులు) వేద్దామన్నారు. అరగదీయకుండా పోతాయా? గుంట పడకపోతే చాలావరకు పోతాయి, లేదా బాగా తగ్గిపోతాయి. ఆ వయసులో వెనీర్ల జోలికి వెళ్ళకండి. అరగదీసిన ఎనామెల్ (పన్ను మీది గట్టి తెల్లపొర) మళ్ళీ మొలవదు.

ఆ మచ్చ పిప్పికి మొదటి మెట్టు. క్లిప్పు పక్కన పాచి నిలిచి, అక్కడ ఆమ్లం పెరిగి పిహెచ్ 5.5 కంటే దిగినప్పుడల్లా పన్నులోంచి కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోతాయి. పైపొర మాత్రం గట్టిగానే ఉండి, దాని అడుగున గుల్లబారుతుంది. వక్రీభవన సూచిక (వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకె) ఎనామెల్‌కి 1.62, నీటికి 1.33, గాలికి 1. ఆ తేడా వల్ల గుల్లలో వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. పన్ను ఆరితే మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు అవపడేది అందుకే. బజ్జీలు కట్టిచ్చిన కాగితం చూడండి, నూనె పీల్చిన చోట అవతలి అక్షరాలు కనిపిస్తాయి. వైద్యం కూడా అదే కిటుకు: గుల్లలో గాలికి బదులు ఎనామెల్‌కి దగ్గర సూచిక ఉన్న రెజిన్ (లైటు పడితే గట్టిపడే పల్చటి ప్లాస్టిక్ ద్రవం) నింపడం.

కానీ క్లిప్పులు తీసిన వారంలోనే చేయించకండి. రెండు మూడు నెలలు ఆగితే లాలాజలమే కొంత పూడుస్తుంది, వాచిన చిగుళ్ళూ తగ్గుతాయి. ఈలోగా 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు పూటలా తోమించండి (డబ్బా మీద రాసి ఉంటుంది). తోమాక నురగ ఉమ్మేస్తే చాలు, నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టు పని సగంలోనే పోతుంది. కేసీన్ ఉన్న క్రీములు వాడొచ్చు గానీ పాల ప్రోటీన్ పడనివాళ్ళకు కూడదు. ఉప్పు, బొగ్గుపొడి, నిమ్మచెక్క మాత్రం వద్దే వద్దు. పైపొరే అరిగిపోతే మచ్చ కాస్తా గుంట అవుతుంది. డాక్టరు మొనదేలిన ప్రోబ్‌తో (పన్ను తడిమి చూసే పుల్లలాంటి పరికరం) గుచ్చినా అంతే, మొద్దు మొన ఉన్నదానితో మెల్లగా తడిమి చూడాలి. గరుకుగా, మెరుపు లేకుండా ఉంటే మచ్చ ఇంకా పెరుగుతోందని అర్థం. నున్నగా మెరిస్తే ఆగిపోయినట్టు.

డాక్టరు పళ్ళ మీద పూసే 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ (22,600 పీపీఎం) వెనకపళ్ళకు చాలా మంచిది. ముందుపళ్ళ మీది కొత్త మచ్చకు నేనైతే తొందరపడి పూయను. పైపొర గట్టిపడి లోపలి గుల్ల అలాగే ఉండిపోతే, పిప్పి ఆగుతుంది గానీ తెలుపు అక్కడే కూర్చుంటుంది.

మూడు నెలల తర్వాతా మచ్చ ఉంటే, పైన చెప్పిన రెజిన్ నింపే వైద్యం, అంటే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్. బెర్లిన్, కీల్ విశ్వవిద్యాలయాల పరిశోధన నుంచి వచ్చిన పద్ధతి, జర్మనీ డీఎంజీ కంపెనీ 2009లో ‘ఐకాన్’ పేరుతో తెచ్చింది. మత్తు సూది, డ్రిల్లు అక్కర్లేదు. పన్ను శుభ్రం చేసి రబ్బరు డ్యామ్ (చిగుళ్ళను కప్పి పన్ను మాత్రమే బయటికి ఉంచే రబ్బరు పొర) బిగిస్తారు, ఆమ్లం తగిలితే చిగురు కాలుతుంది. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం జెల్ 2 నిమిషాలు ఉంచి, 30 సెకన్లు కడిగి ఆరబెడతారు. సిమెంటు పెట్టేటప్పుడు వాడే 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఇక్కడ సరిపోదు, గట్టి పైపొరను దాటలేదు.

అసలు కీలకం ఆ తర్వాతి మెట్టు. ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) పూసి 30 సెకన్లు చూడాలి. మచ్చ అప్పుడే మాయమైతే రెజిన్ కూడా దాన్ని కప్పేస్తుందని లెక్క. ఇంకా తెల్లగా ఉంటే ఆమ్లం రెండోసారి, అవసరమైతే మూడోసారి. ఫలితం రాలేదన్న చోట చాలావరకు ఇక్కడే తొందరపడి ఉంటారు. తర్వాత రెజిన్ 3 నిమిషాలు నాననిచ్చి, అదనంగా ఉన్నది తుడిచి, పళ్ళ సందుల్లో దారం లాగి, 40 సెకన్లు లైటు. మళ్ళీ రెజిన్ 1 నిమిషం, 40 సెకన్ల లైటు. ఈలోగా కుర్చీ మీది పెద్ద దీపం పక్కకు తిప్పకపోతే రెజిన్ లోపలికి ఇంకకముందే గడ్డకడుతుంది. ఉమ్ము, రక్తం తగిలినా పని చెడినట్టే, చిగుళ్ళు తగ్గేదాకా ఆగమన్నది ఇందుకే. చివర పాలిష్ సరిగా పెట్టకపోతే టీ, కాఫీ మరకలు పట్టేస్తాయి.

మచ్చలు క్లిప్పులకు ముందే, అన్ని పళ్ళ మీదా అడ్డచారల్లా, రెండు వైపులా ఒకేలా ఉండేవైతే అది ఫ్లోరోసిస్ (తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చేది) కావచ్చు. నల్గొండ, ప్రకాశం వైపు వాళ్ళకు కొత్త సంగతి కాదు. లేత తెలుపైతే ఇదే పద్ధతి పనిచేస్తుంది. గోధుమరంగుంటే ముందు బ్లీచింగ్ చేసి, రెండు వారాలు ఆగి రెజిన్ పెట్టాలి, ఆగకపోతే రెజిన్ సరిగా గట్టిపడదు. పన్ను వెనక నుంచి లైటు వేసినప్పుడు మచ్చ నల్లగా కనిపిస్తే లోతు ఎక్కువ, ఆశ తగ్గించుకోండి.

ఇంకొకటి: ఈ రెజిన్ ఎక్స్‌రేలో కనపడదు. పళ్ళ సందుల్లో చేయించుకుంటే, ఏ పంటికి ఎప్పుడు చేశారో కాగితం మీద రాయించుకోండి. లేకపోతే రేపు వేరే ఊళ్ళో ఎక్స్‌రే చూసినవాళ్ళు పిప్పి అనుకుని డ్రిల్లు అందుకుంటారు.