నగ్గర్‌లోని రోరిక్ ఇంటి గదులను అద్దాల బయటి నుంచే చూడనిస్తారట, అయినా వెళ్లవచ్చా?

మనాలి వెళ్తున్నామనీ, ఆ దగ్గరి నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ నివసించిన ఇంటి గదుల్లోకి అడుగు పెట్టనివ్వరని విన్నామనీ, కిటికీలోంచి చూడడానికి ఒక పూట వెచ్చించాలా అనీ అడిగారు. వెచ్చించండి. విశాఖపట్నం నుంచి నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఐదు నిమిషాల్లో బయటపడ్డాను, తప్పు నాదే.

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి లోపల నావికుల పడకలకు భుజం రాసుకుంటూ నడిచిన మనకు, పై అంతస్తు వరండాలో నిలబడి గాజు కిటికీల్లోంచి తొంగిచూడడం చిన్నతనంగా తోస్తుంది. పైగా ఎండ ఎక్కితే అద్దంలో దేవదారు చెట్లూ మన ముఖమూ తప్ప మరేమీ కనబడవు. రెండోసారి మా అమ్మ కొంగు తల మీదుగా కప్పుకుని, అద్దానికి నుదురు ఆనించి చూసింది. నేనూ చేతులు అడ్డుపెట్టుకుని అలాగే చూస్తే, పుస్తకాలు, కుర్చీలు, గోడల మీది చిత్రాలు ఒక్కొక్కటిగా తేలాయి. సాంస్కృతిక సంపద రక్షణకు 1935లో వాషింగ్టన్‌లో దేశాలు సంతకం చేసిన ఒడంబడికకు ఎవరి పేరు నిలిచిందో, ఆయన 1928 చివరి నుంచి 1947 డిసెంబరులో కన్నుమూసే వరకు నివాసంగా చేసుకున్నది ఏ ఆర్భాటమూ లేని ఈ గదులనే. కిటికీ వదిలి వెనక్కి తిరిగితే లోయా, కొండలూ కనిపిస్తాయి. ఇంట్లో అంత పొదుపుగా ఎలా ఉండగలిగారో నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ముందు పైగదులు చూసి, ఆ తరువాతే కింది అంతస్తులోని చిత్రశాలకు వెళ్లండి. ఆ కొండలను అప్పటికే చూసి ఉంటారు గనుక, నూనె రంగుల్లా మెరవని ఆయన టెంపెరా (నీటితో పలుచన చేసే ఒక రకం రంగు) నీలాలు కంటికి అప్పుడు కొత్తగా ఉండవు.

ఇంకొక మాట. ఆ ఇంటి కోడలు, నటి దేవికారాణి, 1908లో పుట్టింది మన వాల్తేరులోనే. 1945లో రోరిక్ గారి చిన్నకుమారుడు, తానూ చిత్రకారుడే అయిన స్వెతోస్లావ్‌ను ఆమె వివాహమాడారు. బెంగాలీ కుటుంబంలో పుట్టిన ఆమెను మన ఆడపడుచు అనడం కాస్త చొరవే గానీ, ఆ సంగతి చెప్పగానే అమ్మ, "ముందే చెప్పొద్దటరా?" అంటూ మళ్లీ కిటికీల దగ్గరకు నడిచింది. ఆ దంపతులు తరువాత బెంగళూరు దగ్గర స్థిరపడ్డారు.

రోరిక్ గారి సమాధి రాయి ఇంటికి దిగువన ఉంది. దిగడం తేలికే గానీ, పెద్దవారు వెంట ఉంటే తిరిగి ఎక్కడానికి చాలినంత సమయం ఉంచుకోండి.