పునీతుల చెక్క బొమ్మలకు రంగులు ఎలా వేయాలి?

పునీతుల (క్రైస్తవ సెయింట్ల) బొమ్మలకు ఇంట్లో రంగులు వేయాలి, ముడి బొమ్మలు విశాఖలో ఎలా సంపాదించాలి అని అడిగారు. ఏటికొప్పాక పనివాళ్లను అడిగి, అంకుడు కర్రతో మూడంగుళాల బొమ్మలు చేయించుకోండి. లక్క పూయొద్దని ముందే చెప్పండి. ఆ నునుపు మీద అక్రిలిక్ రంగు పట్టదు, గోటితో గీస్తే పెచ్చులా లేచొస్తుంది. ఉప్పుకాగితంతో రుద్ది, తెల్ల ప్రైమర్ (రంగు పట్టేందుకు అడుగున వేసే పూత) వేసి మొదలుపెట్టండి.

ముఖానికి టెన్షన్ పడకండి, కళ్లకు రెండు చుక్కలు చాలు. ఎవరన్నది గుర్తులే చెబుతాయి. పాదువాపురి అంతోనివారికి గోధుమరంగు అంగీ, చేతిలో బాలయేసు, లిల్లీ పువ్వు. నడుము తాడుకు మూడు ముడులు మర్చిపోవద్దు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే ఫ్రాన్సిస్కన్ (పునీత ఫ్రాన్సిస్ సభ సన్యాసుల) వ్రతాలవి. యేసు పెంపుడు తండ్రి జోజప్పగారికీ లిల్లీయే, కానీ పక్కన వడ్రంగి మూలమట్టం ఉండాలి.

మన సముద్రపు చెమ్మకు రంగు నిదానంగా ఆరుతుంది. అందుకే వార్నిష్ అదే రోజు కాక మర్నాడు వేయండి.