ముందు తీసుకునేవాళ్ళని చూసుకో, తరవాత అటక దించు

చిరంజీవి మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

తెనాలి ఇల్లు ఖాళీ చేసి అమ్మని హైదరాబాద్ తీసుకెళ్తున్నావని తెలిసి సంతోషించాను. సామాను తలుచుకుంటే టెన్షన్‌గా ఉందన్నావు. మూడు తరాలవి కదా, ఉంటుంది. ఒక్క ఆదివారంలో అంతా తీసేస్తానన్నావే, అది మాత్రం వద్దు. హడావిడిగా తీసినవన్నీ పాత సామాన్లవాడి బండే ఎక్కుతాయి.

ముందు ఎవరికి ఏం కావాలో కనుక్కో. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి పెళ్ళి కుదిరిందట కదా. కొత్త కాపురానికి స్టీలు డబ్బాలు, బిందెలు పనికొస్తాయి. బీరువా కూడా కావాలేమో అడుగు. వద్దంటే నొచ్చుకోకు, వాళ్ళ గదిలో దానికి చోటుండకపోవచ్చు. మనకి అడ్డమైనది వాళ్ళకీ అడ్డమే. అడిగి ఇస్తున్నామో వదిలించుకుంటున్నామో పుచ్చుకునేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

నాన్న వాకరు, గాలి పరుపు ఇంకా అటక మీదే ఉంటే మొట్టమొదట వాటిని దించు. చుట్టుపక్కల మంచాన పడ్డవాళ్ళున్న ఇళ్ళలో వాటి అవసరం ఇవాళే ఉంటుంది. మిగిలిపోయిన మందులు మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఆయన బట్టలు ఇచ్చేటప్పుడు ఎవరివో చెప్పి ఇవ్వు. పోయినవాళ్ళవి మేం కట్టుకోం అనేవాళ్ళుంటారు, వాళ్ళ పట్టింపు వాళ్ళది.

ఏ బట్టలైనా ఉతికి, ఊడిన హుక్కులు, గుండీలు కుట్టించి, లంగాలకి బొందులు ఎక్కించి ఇవ్వు. చిరిగినవి మనుషులకి ఇవ్వకు. మెత్తబడ్డ నూలు చీరలుంటే బొంతలు కుట్టించు. ఇంకా మిగిలితే గూంజ్ వాళ్ళకి పంపు. 1999లో ఢిల్లీలో మొదలైన సంస్థ అది. పాత నూలు బట్టని శుభ్రం చేసి ఆడవాళ్ళకి నెలసరి ప్యాడ్లుగా కుట్టిస్తారు.

ఇక అమ్మ సంగతి. నా మాట ఒక్కటే వింటానంటే ఇది విను. ఆవిడ పడుకున్నప్పుడు మూటలు కట్టి పంపించకు. అన్నీ ఆవిడ ఎదురుగానే తియ్యి. ఒక్కో వస్తువూ చేతికివ్వు, ఎప్పుడు కొన్నదో, ఎవరు పెట్టిందో చెప్పనివ్వు. చెప్పడం అయ్యాక "ఎవరికిద్దామమ్మా?" అని అడుగు. "పడేద్దామా" అన్న మాట నోట రానివ్వకు. ఇచ్చేటప్పుడు ఆవిడ చేతుల మీదుగానే ఇప్పించు. శుక్రవారం ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదంటే ఆదివారం ఇవ్వు, వాదించకు. అది ఆవిడ కాపురం చేసిన ఇల్లు. రోజుకి ఒక అలమరా అయితే చాలు. పోపుల పెట్టె, అట్ల పెనం, రోజూ కాఫీ తాగే గ్లాసు ఆవిడతోపాటే హైదరాబాద్ రావాలి.

ఏది బయటికి పంపినా ముందు వెతుకు. చీరల మడతలు, పప్పు డబ్బాల అడుగు, పుస్తకాల మధ్య, దేవుడి పటాల వెనక... మన ఇళ్ళలో డబ్బు, ప్రామిసరీ నోట్లు దాచే చోట్లు అవే. దస్తావేజులు, పొలం పాస్‌బుక్కు, ఎల్ఐసీ బాండ్లు ముందే ఒక సంచిలో వేసి నీ దగ్గర పెట్టుకో. ఆ తరవాతే పాత కాగితాలు కిలోల్లెక్కన అమ్ము.

నాన్న బైండు చేయించిన పాత వారపత్రికలు ఆ కాగితాల్లో కలవనివ్వకు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచీ ఉంది, పాత పత్రికల్ని అపురూపంగా దాచిన గ్రంథాలయం అది. ఏ సంవత్సరాలవి ఉన్నాయో జాబితా రాసి వాళ్ళకి పంపు, కావలసినవి వాళ్ళే చెబుతారు.

పట్టుచీరల కోసం వీధిలో కేకలేసేవాళ్ళకి తొందరపడి ఇవ్వకు. పాత కంచి చీరల్లో వెండి జరీ ఉంటుంది. తెలిసినవాళ్ళకి చూపించాకే ఇవ్వడమో అమ్మడమో ఆలోచించు.

ఇత్తడి గుండిగలు తూకానికి వెయ్యొద్దు. మీ వీధి రామాలయంలో నవమికి ప్రసాదాలు వండడానికి గిన్నెలు అద్దెకి తెస్తారని అమ్మే చెప్పింది. పూజారి గారిని అడుగు. లోపల కళాయి పోయి ఉంటే పులుపు వండడానికి పనికిరావు, పెట్టించే ఇవ్వు. ఆ ఖర్చు నేను పంపుతాను, ఎంతయిందో ఫోన్ చేసి చెప్పు.

ఉంటాను,
అత్త