యాంటీవైరస్ కొనాలా, ఉన్నది చాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం యాంటీవైరస్ గురించే. మిగతావాటిని వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ పేజీ అంతా దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా విండోస్ 11 ల్యాప్‌టాప్‌తో ఒక యాంటీవైరస్ ట్రయల్ వచ్చింది. గడువు అయిపోయాక రోజూ 'మీకు రక్షణ లేదు' అని భయపెడుతోంది. నేను బ్యాంకు పనులు చూసుకుంటాను, పిల్లలు చదువుకుంటారు, ఆటలాడతారు. ఏది కొనమంటారు? – ఒక గృహిణి

ఇప్పుడే ఏదీ కొనకండమ్మా. ముందు ఆ ట్రయల్ తీసెయ్యండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లి, దాని పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే అన్‌ఇన్‌స్టాల్ కనిపిస్తుంది. అయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, స్టార్ట్ మెనూలో 'విండోస్ సెక్యూరిటీ' అని టైప్ చేసి తెరవండి. విండోస్‌తోనే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అప్పటికే పనిలోకి దిగి ఉంటుంది. బయటి యాంటీవైరస్ పనిచేస్తున్నంతకాలం డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, ఆ బయటిది పోగానే తనంతట తానే తిరిగొస్తుంది. గుర్తులన్నిటి మీదా పచ్చ టిక్కు ఉంటే మీకు రక్షణ ఉన్నట్టే.

'ఊరికే వచ్చింది కదా, ఏపాటిది?' అని అడిగేవాళ్లు చాలామంది. డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌లో చేరింది 2012లో, విండోస్ 8తో. తొలి ఏళ్లలో పరీక్షల్లో వెనకబడేది, నిజమే. ఇప్పుడు పరిస్థితి మారింది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు 6, కంప్యూటర్ వేగం తగ్గించకపోవడానికి 6, మంచి ఫైళ్లను వైరస్ అని పొరబడకపోవడానికి 6, మొత్తం 18 మార్కులు పెడుతుంది. కొన్నేళ్లుగా డిఫెండర్‌కు తరచుగా పూర్తి మార్కులే వస్తున్నాయి. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ కూడా ఇలాంటి పరీక్షలే చేస్తుంది. ఎవరైనా ఫలానాది నంబర్ వన్ అంటే ఈ రెండు చోట్లా చూసి గానీ నమ్మకండి. 'టాప్ టెన్' జాబితాల్లో చాలావాటికి ఆ లింకు నుంచి మనం కొంటే కమిషన్ ముడుతుంది.

డిఫెండర్‌కు ఒక బలహీనత ఉంది. అది మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి తేల్చుకోవడం మీద బాగా ఆధారపడుతుంది. నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుంది. ఎప్పుడూ నెట్ లేకుండా, నలుగురి పెన్‌డ్రైవ్‌లూ పెట్టే కంప్యూటర్ అయితే బిట్‌డిఫెండర్, ఈసెట్ లాంటివి కొనడంలో అర్థముంది. మీ ఇంట్లో ఆ అవసరం నాకు కనిపించడం లేదు. ఒకవేళ కొన్నా, మొదటి ఏడాది తగ్గింపు చూసి మోసపోకండి. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంటే రెండో ఏడాది అసలు ధర మీ కార్డు నుంచి తెలియకుండానే పోతుంది. కొన్న రోజే దాన్ని ఆపేయండి.

మీ చేత ఒక్క పని మాత్రం తప్పక చేయించాలని ఉంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ నుంచి కాపాడే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' డిఫెండర్‌లోనే ఉంది, కానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' పేజీ అడుగున 'మేనేజ్ ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్' ఉంటుంది, అక్కడ ఆన్ చేయండి. ఆ తర్వాత పిల్లల ఆట ఏదైనా డాక్యుమెంట్స్‌లో సేవ్ కావడం లేదంటే కారణం ఇదే. ఆ ఒక్క ఆటకీ అక్కడే అనుమతి ఇవ్వండి, మొత్తం ఆపేయకండి. ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ పీకి పక్కన పెట్టండి. తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో రెండు ఉచిత యాంటీవైరస్‌లు వేశాను. ఒకటి వదిలేసింది ఇంకొకటి పడుతుంది కదా? – ఒక డిగ్రీ విద్యార్థి

పట్టదు బాబూ. మీరు తెరిచే ప్రతి ఫైలునూ రెండూ ఒకేసారి అడ్డుకుని చూడాలనుకుంటాయి. ఒకటి విడిగా దాచిన వైరస్‌ను ఇంకొకటి కొత్తగా పట్టుకున్నానంటుంది. కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఒక్కటే ఉంచండి.

ఉచితం విషయంలో మరో సంగతి. అవాస్ట్ అనే ఉచిత యాంటీవైరస్ వాళ్లు తమ వాడకందార్లు ఏయే సైట్లు చూస్తున్నారో సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మారు. అది బయటపడ్డాక 2020లో జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికాలో వినియోగదారుల ప్రయోజనాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్లను 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమని ఆదేశించింది. యాంటీవైరస్‌కు మన కంప్యూటర్‌లో కనబడనిదంటూ ఉండదు. అంత చనువు ఎవరికిస్తున్నామో చూసుకోవాలి. అవాస్ట్, ఏవీజీ, అవిరా, నార్టన్ ఇప్పుడు నాలుగూ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. పేరు మార్చినంతమాత్రాన యజమాని మారడు.

ప్రశ్న: మా నాన్నగారి కంప్యూటర్‌లో 'ఐదు వైరస్‌లు దొరికాయి' అని ఎర్ర పెట్టెలు వస్తూనే ఉన్నాయి. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. ఆయన బెదిరిపోతున్నారు. – ఒక ఉద్యోగి

స్కాన్ చెప్పిందే నిజం అయి ఉంటుంది. ఈసారి ఆ పెట్టె కుడివైపు కింది మూల నుంచి లేచినప్పుడు తీరిగ్గా చూడండి. పెద్ద ఎర్ర అక్షరాల కింద, కంటికి ఆననంత చిన్నగా, క్రోమ్ పేరో ఎడ్జ్ పేరో, పక్కనే మీరెప్పుడూ వినని ఏదో సైటు చిరునామా ఉంటాయి. అంటే అది యాంటీవైరస్ మాట కాదు, ఒక వెబ్‌సైట్ పంపుతున్న నోటిఫికేషన్. ఎప్పుడో 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అంటే నాన్నగారు నమ్మి నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి, అనుమతి ఉన్న సైట్లలో తెలియనివన్నీ తీసెయ్యండి. పెట్టెలు ఆగిపోతాయి.

ఇంకో రకం స్క్రీనంతా కప్పేసి, హారన్ మోగిస్తూ, ఒక ఫోన్ నంబరు చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టండి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌కు ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు 'రిస్టోర్' అంటే వద్దనండి.

నాన్నగారు ఆ నంబరుకు ఇప్పటికే ఫోన్ చేసి ఉంటే దయచేసి కోప్పడకండి. తిడతారన్న భయంతోనే చాలామంది పెద్దవాళ్లు చెప్పకుండా దాచేస్తారు, నష్టం అక్కడే పెరుగుతుంది. వెంటనే నెట్ తీసేసి, వాళ్లు దూరం నుంచి కంప్యూటర్ నడపడానికి వేయించిన యాప్‌ను తొలగించి, బ్యాంకుకు కబురు చేసి, పాస్‌వర్డ్‌లు మరో ఫోన్ నుంచి మార్చండి.

ప్రశ్న: నాది విండోస్ 10. మంచి యాంటీవైరస్ ఉంటే మార్చకుండా వాడుకోవచ్చా? – రిటైరైన ఉపాధ్యాయుడు

మాస్టారూ, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల సమాచారం వస్తూనే ఉంటుంది గానీ, విండోస్‌లో బయటపడే కంతల్ని పూడ్చడం దాని పని కాదు. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్లూ, పాత విండోస్‌తో నెట్టుకొస్తున్నవాళ్లూ దెబ్బతిన్నారు. ఇంటి కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టింది. విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్' కనిపిస్తే ముందు అందులో చేరండి. ఆ వ్యవధిలో విండోస్ 11కు మారండి. మీ యంత్రం దానికి సరిపోకపోతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోండి. మెయిల్, వార్తలు, ఉత్తరాల టైపింగ్‌కు అది హాయిగా సరిపోతుంది.

ప్రశ్న: ఒక ఆట ఫ్రీగా దొరికింది. 'యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి, అది అనవసరంగా అరుస్తుంది' అని రాసి ఉంది. ఆపొచ్చా? – ఒక ఇంటర్ విద్యార్థి

వద్దు నాన్నా. ఆ వాక్యం కనిపించగానే ఆ ఫైలు డిలీట్ చేసెయ్. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేవి ఇలాంటి క్రాక్‌ల (తాళం పగలగొట్టిన దొంగ కాపీల) వెంటే ఎక్కువగా వస్తాయి. నువ్వే చేత్తో తలుపు తీశాక ఏ యాంటీవైరస్సూ ఏమీ చేయలేదు. మామూలు ఫైలు మీద అనుమానమైతే వైరస్‌టోటల్ సైట్‌లో పెట్టి చూడు, పదుల కొద్దీ యాంటీవైరస్‌లు ఏమంటున్నాయో ఒకేచోట చూపిస్తుంది. సొంత కాగితాలు మాత్రం అందులో పెట్టకు. అక్కడ పెట్టినవి భద్రతా సంస్థల చేతికి వెళతాయి.

ప్రశ్న: నా యాంటీవైరస్ అసలు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకురాలు

ఐకార్ అనే సంస్థ సైట్‌లో ఒక పరీక్ష ఫైలు ఉంటుందండీ. అందులో ఉండేది 68 అక్షరాలే, ఏ హానీ చేయదు. దాన్ని వైరస్‌లా పట్టుకోవాలని యాంటీవైరస్ కంపెనీల మధ్య ఒప్పందం. డౌన్‌లోడ్ చేయబోతే మీ యాంటీవైరస్ అడ్డుకోవాలి. చడీచప్పుడూ లేకుండా ఫైలు దిగిపోయి, తెరిచినా ఏమీ అనకపోతే, విండోస్ సెక్యూరిటీలో 'రియల్ టైమ్ ప్రొటెక్షన్' ఆఫ్ అయి ఉందేమో చూడండి.